క్యారవాన్‌లో నీళ్లు రాకపోతే, వేడెక్కకపోతే ఎలా చూసుకోవాలి

ట్రావెలర్‌నో మినీ బస్సునో క్యారవాన్‌గా మార్చుకుని కుటుంబంతో తిరగాలనుకునేవాళ్లకి మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు మంచి చోటు. ఒకవైపు ఎస్.కోట మీదుగా అరకు ఘాట్, ఇంకోవైపు జాతీయ రహదారి పట్టుకుంటే కళింగపట్నం, భావనపాడు, బారువ బీచ్‌లు. దారిలో ఇంజను మొరాయిస్తే సాలూరు నుంచి ఇచ్ఛాపురం దాకా ఎక్కడైనా మెకానిక్ దొరుకుతాడు. బండి లోపల నీళ్లు ఆగిపోతేనే చిక్కు. బండి మెకానిక్‌కి ప్లంబింగ్ పట్టదు, ఇళ్ల ప్లంబర్‌కి 12 వోల్టుల పంపు అలవాటుండదు. కాబట్టి ఈ పని మీరే నేర్చుకోవాలి. నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

మొదటి మాట ఒక్కటే: నీళ్లు రాకపోతే స్పానర్ పట్టుకోకండి. కుళాయి తిప్పి, పంపు చప్పుడు వినండి. క్యారవాన్‌లో వాడే, లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) ఆడుతూ నీళ్లు తోసే చిన్న పంపుకి ప్రెషర్ స్విచ్ ఉంటుంది. కుళాయి తెరిస్తే లైన్లో ఒత్తిడి తగ్గి పంపు తనే మొదలవుతుంది, కట్టేస్తే ఒత్తిడి పెరిగి తనే ఆగుతుంది. అది అసలు పలకడం లేదా, ఆగకుండా తిరుగుతోందా, ఎవరూ కుళాయి ముట్టకుండానే కొట్టుకుంటోందా అన్నదాన్ని బట్టి ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

బండిలో ఎప్పుడూ ఇవి ఉండాలి: చిన్న మల్టీమీటర్, టార్చి, నాలుగైదు ఫ్యూజులు, టెఫ్లాన్ టేపు, హోస్ క్లిప్పులు, స్క్రూడ్రైవర్, మూరెడు పారదర్శకమైన పైపు ముక్క, ఒక బకెట్టు.

పంపు ఉలుకూ పలుకూ లేకపోతే

ఇది నీళ్ల సమస్య కాదు, కరెంటు సమస్య. పంపు స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలా బండ్లలో అది తలుపు పక్కనే ఉంటుంది, సామాన్లు ఎక్కించేటప్పుడు బ్యాగు తగిలి ఆఫ్ అయిపోతుంది. తర్వాత ఫ్యూజు. పోయిన ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో అంతే వేయాలి. 10 ఉన్నచోట 20 వేస్తే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరు. కొత్తది వేసిన వెంటనే మళ్లీ పోయిందంటే పంపు పట్టేసి ఉండాలి, లేదా వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతూ ఉండాలి.

ఫ్యూజు బాగుంటే మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత పంపు టెర్మినళ్ల దగ్గర కొలవండి. కొలిచేటప్పుడు కుళాయి తెరిచి ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఫుల్ ఛార్జి అయి కాసేపు ఊరికే ఉంటే 12.6 నుంచి 12.7 దాకా చూపిస్తుంది. 12 దగ్గరకు దిగిందంటే సగానికి మించి అయిపోయినట్టే. లిథియం బ్యాటరీ అయితే ఈ లెక్క నమ్మకండి, అది దాదాపు ఖాళీ అయ్యేదాకా 13 చుట్టూనే చూపిస్తుంది.

బ్యాటరీ దగ్గర బాగానే ఉండి, పంపు దగ్గరకొచ్చేసరికి ఒక వోల్టు, అంతకు మించి పడిపోయిందంటే మధ్యలో ఏదో జాయింటు చెడింది. సముద్రం ఒడ్డున బండి నిలిపే అలవాటున్నవాళ్లు దీన్ని ముందుగా అనుమానించాలి. ఉప్పుగాలికి రాగి తీగ మీద పచ్చటి చిలుము పడుతుంది. టేపు విప్పితే తీగ చివర పొడిపొడిగా రాలుతుంది. ఆ ముక్క కత్తిరించి, శుభ్రమైన రాగి కనబడేదాకా లోపలికి వెళ్లి, కొత్త లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) నొక్కి, పైన కాస్త వ్యాజలిన్ రాయండి. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఘాట్ రోడ్డు కుదుపులకు నిలవదు.

వోల్టేజీ సరిగ్గా అందుతున్నా పంపు తిరగకపోతే ప్రెషర్ స్విచ్ వైర్లు రెండూ ఊడదీసి ఒక్క క్షణం కలపండి. పంపు తిరిగిందా, పోయింది స్విచ్చే. అది వేరుగా దొరుకుతుంది, పంపు మొత్తం మార్చక్కర్లేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు కుళాయి తెరిచే ఉంచండి, స్విచ్ లేని పంపుకి ఆగడం తెలీదు.

తిరుగుతోంది గానీ నీళ్లు ఎత్తడం లేదు

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. కాబట్టి దీన్ని నిదానంగా చూద్దాం.

ట్యాంకుతో మొదలుపెట్టండి. గోడ మీద నీటిమట్టం చూపే లైట్లు ఫుల్ అని చూపించినా మూత తీసి టార్చి వేసి చూడండి. ఉప్పు నీళ్లు పడ్డ ట్యాంకులో సెన్సర్ల మీద పొర కట్టి, ఖాళీ ట్యాంకుని కూడా నిండుగా చూపిస్తుంది. నీళ్లు నిజంగానే ఉన్నాయనుకోండి, బండి ఎలా నిలబడిందో చూడండి. ఘాట్‌లో ఏటవాలుగా ఆపితే ట్యాంకులో నీళ్లన్నీ ఒక మూలకు చేరతాయి, పంపుకి వెళ్లే పైపు రెండో మూలన ఉంటే గాలే లాగుతుంది. బండిని చదునుగా ఆపితే రిపేరు అయిపోయినట్టే.

ఆ తర్వాత ట్యాంకు గాలి పైపు. నీళ్లు బయటికి పోతున్నకొద్దీ లోపలికి గాలి రావాలి. చాలాకాలం కదలని బండిలో ఆ సన్న పైపు చివర కందిరీగ మట్టిగూడు పెట్టేస్తుంది. పరీక్ష చాలా తేలిక. పంపు తిరుగుతుండగా ట్యాంకు మూత తెరవండి. ఒక్కసారిగా నీళ్లు ఊపందుకుంటే గాలి పైపు మూసుకుపోయినట్టు. సన్న తీగతో పొడిచి, చివర దోమతెర ముక్క కట్టండి.

ఇక పంపు ముందుండే జాలీ ఫిల్టర్. పిడికిలంత పారదర్శకమైన గిన్నె, దాని లోపల స్టీలు జాలీ. పంపు ఆఫ్ చేసి, కింద గుడ్డ పెట్టుకుని విప్పండి. బోరు నీళ్లు పట్టిన బండిలో అడుగున మెత్తటి ఇసుక పేరుకుని ఉంటుంది. కొత్త బండి అయితే ట్యాంకుకి రంధ్రాలు వేసినప్పటి ప్లాస్టిక్ తురుము ఉంటుంది, జాలీకి అంటుకుని వేలికి గరగరా తగులుతుంది. జాలీని పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అసలు జాగ్రత్త బిగించేటప్పుడు కావాలి. గిన్నె అంచున రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద ఒక్క ఇసుక రేణువు మిగిలినా అక్కడ గాలి దూరుతుంది. రింగునీ గాడినీ వేలితో తుడిచి, తడి చేసి, చేత్తోనే బిగించండి. పానాతో బిగిస్తే గిన్నె పగులుతుంది.

ఇక్కడొక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. పంపు దాటాక లీకుంటే నీళ్లు బయటికి కారతాయి, కంటికి కనబడతాయి. పంపుకి ముందు, అంటే ట్యాంకుకీ పంపుకీ మధ్య లీకుంటే చుక్క కూడా కారకపోవచ్చు, పంపు తిరిగినంతసేపూ అది గాలిని లోపలికి లాక్కుంటుంది. తడి కోసం వెతికేవాళ్లకి అది దొరకదు. పొలం గట్టున ఆయిల్ ఇంజను పెట్టి నీళ్లు తోడినవాళ్లకి ఇది కొత్త కాదు. నీళ్లు లాగే సక్షన్ గొట్టానికి సూదిమొనంత చిల్లు పడినా ఇంజను హోరుమంటుంది గానీ నీళ్లు ఎక్కవు. ఈ చిన్న పంపుదీ అదే వరస.

కనిపెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య మీ దగ్గరున్న పారదర్శక పైపు ముక్క కలిపి టార్చి వేసి చూడటం. బుడగలు ఆగకుండా వస్తుంటే గాలి దూరుతున్నట్టే. అప్పుడు ట్యాంకు వైపు నుంచి ఒక్కో హోస్ క్లిప్పూ బిగిస్తూ రండి. బుడగలు ఎక్కడ ఆగితే అదే జాయింటు. రెండోది నాకు ఇంకా నచ్చిన పద్ధతి. పంపు సక్షన్ పైపు ఊడదీసి, చిన్న ముక్క ఒకటి తగిలించి, నేరుగా నీళ్ల బకెట్టులో ముంచండి. నీళ్లు బాగా ఎత్తిందంటే పంపు మంచిదే, తప్పు ట్యాంకు వైపు ఉంది. బకెట్టులోంచి కూడా ఎత్తలేదంటే పంపు లోపలి వాల్వులో చెత్త ఇరుక్కుంది, లేదా డయాఫ్రమ్ చిరిగింది. తల భాగం నాలుగు స్క్రూలతో విడివడుతుంది. వాల్వు కడిగి చూడండి, చిరిగితే కిట్ మార్చండి. ఈ ఒక్క పరీక్షతో అనవసరంగా కొత్త పంపు కొనే ఖర్చు తప్పుతుంది.

అంతా సరిచేశాక లైన్లో మిగిలిన గాలిని వదలాలి. చల్లనీళ్ల కుళాయిలన్నీ తెరిచి, చీదడం ఆగి ధార నిలకడగా వచ్చేదాకా వదిలి, ఒక్కోటీ కట్టేయండి. తర్వాత వేడినీళ్ల కుళాయిలు. గీజర్ నిండాలి కాబట్టి వీటికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది.

ఒకే కుళాయిలో ధార సన్నబడితే ఇదంతా అక్కర్లేదు. ఆ కుళాయి మూతి దగ్గరి జాలీ విప్పి కడగండి.

ఎవరూ ముట్టకుండానే పంపు కొట్టుకుంటోంది

అర్ధరాత్రి అందరూ పడుకున్నాక పంపు ఒక్క క్షణం టకటకమని ఆగుతుంది. కాసేపటికి మళ్లీ. ఈ పంపులు మామూలుగా 3 బార్ ఒత్తిడి చుట్టుపక్కల ఆగిపోతాయి. కుళాయి తెరవకుండా మళ్లీ మొదలైందంటే ఆ ఒత్తిడి ఎక్కడో జారిపోతోంది.

పంపు దాటాక వాల్వు ఉంటే దాన్ని కట్టేయండి. అప్పుడూ కొట్టుకుంటే నీళ్లు పంపు లోపలి నుంచే వెనక్కి ట్యాంకులోకి జారుతున్నాయి. ఆగిపోతే లీకు ముందుకి ఉంది. జాయింట్ల కింద న్యూస్‌పేపర్ ముక్కలు పరిచి తెల్లారి చూడండి, చుక్క పడ్డచోట మరక చెబుతుంది. టాయిలెట్ ఫ్లష్ వాల్వునీ, గీజర్ సేఫ్టీ వాల్వునీ మర్చిపోకండి.

ఒక్క సలహా గట్టిగా చెబుతాను. ఇళ్లకి వేసే గట్టి ప్లాస్టిక్ సీపీవీసీ పైపుని బండిలో వేయించకండి. గోడలో కదలకుండా ఉండే పైపు అది. బండి కుదుపులకి ఎల్బో దగ్గర వెంట్రుకంత పగులు వచ్చి, చల్లగా ఉన్నప్పుడు ఒకలా, వేడినీళ్లు పారినప్పుడు ఒకలా కారుతూ విసిగిస్తుంది. వంగే పెక్స్ ప్లాస్టిక్ పైపు గానీ మంచి హోస్ గానీ వేసి, మూరకొక చోట క్లిప్పుతో గోడకి పట్టించండి.

ఏ నీళ్లు పడుతున్నారు

మన తీరంలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వర్షాకాలంలో నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లలో నీళ్లు ఎర్రగా, మట్టితో రావచ్చు. ట్యాంకులో పట్టే ముందు గ్లాసులోకి తీసుకుని చూడండి, నాలుక మీద వేసుకోండి. ఉప్పగా ఉంటే ఇంకో ఊరు వెళ్లి పట్టుకోండి, లేదా గీజర్‌కి వెళ్లే వాల్వు కట్టేసి ఆ నీళ్లు కాళ్లు కడుక్కోవడానికే వాడండి. ఉప్పు నీళ్లతో గీజర్ కాయిల్ త్వరగా చెడుతుంది. తాగునీళ్లు మాత్రం ఎప్పుడూ ట్యాంకువి వద్దు, వేరే క్యానులో పెట్టుకోండి. ఉద్దానం వైపు నీటి విషయంలో జనం ఎంత జాగ్రత్తగా ఉంటారో తెలిసిందే. కిడ్నీ జబ్బులు అంతగా పీడించిన ప్రాంతం కాబట్టే హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపులైన్ వేసి నీళ్లు తెచ్చారు.

నీళ్లు వాసనొస్తే ట్యాంకుని క్లోరిన్‌తో కడగాలి. 100 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకుకి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 100 మిల్లీలీటర్లు సరిపోతుంది. సువాసన కలిపిన బ్లీచ్ వద్దు. నీళ్లతో కలిపి పోసి, ట్యాంకు నింపి, అన్ని కుళాయిల్లోనూ ఆ వాసన వచ్చేదాకా తిప్పి, నాలుగు గంటలు ఉంచి మొత్తం వదిలేయండి. వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. తెల్లటి సున్నపు పొర పోవడానికి నిమ్మ ఉప్పు వాడతారు గదా, ఆ రెండూ ఒకే రోజు, ఒకే ట్యాంకులో కలవకూడదు. క్లోరిన్‌కి పులుపు తగిలితే విషవాయువు వస్తుంది.

కరెంటు గీజర్ వేడెక్కకపోతే

మొట్టమొదట, గీజర్ నిండిందా? వేడినీళ్ల కుళాయిలో ధార నిలకడగా వచ్చేదాకా స్విచ్ వేయకండి. నీళ్లు లేని కాయిల్ చూస్తుండగానే కాలిపోతుంది.

కరెంటు ఎక్కడినుంచి తీసుకుంటున్నారో చూడండి. మామూలు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. తెలిసినవాళ్ల ఇంటి ముందు బండి ఆపి సన్న ఎక్స్‌టెన్షన్ వైరు లాగితే ప్లగ్గు కరుగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, సరైన ఎర్తు ఉండాలి. చుట్ట చుట్టిన వైరుని పూర్తిగా విప్పేయండి.

పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ పడిపోతే గీజర్ చెడిందని కంగారు పడకండి. 230 వోల్టులకి 2000 వాట్లిచ్చే కాయిల్ 180 వోల్టులకి 1200 పైచిలుకే ఇస్తుంది. 10 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 45కి రావడానికి 9 నిమిషాలు పట్టేది కాస్తా 14 అవుతుంది. అంతే తేడా. ఇన్వర్టర్ మీద గీజర్ నడుపుదామని మాత్రం అనుకోవద్దు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అది 165 ఆంపియర్లకు మించి లాగుతుంది.

కరెంటు బాగుండి అసలు వేడెక్కకపోతే ప్లగ్గు తీసేసి, కింద మూత విప్పి, థర్మోస్టాట్ పక్కన, అతిగా వేడెక్కితే కరెంటు ఆపేసే కటౌట్ చూడండి. చాలా గీజర్లలో చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే టిక్కుమంటుంది. మళ్లీ మళ్లీ పడిపోతుంటే నొక్కుతూ కూర్చోకండి, థర్మోస్టాట్ మార్చించండి. ముట్టుకుంటే షాక్ కొట్టే గీజర్‌ని ఆ క్షణమే ఆపేయండి.

సేఫ్టీ వాల్వు నుంచి వేడెక్కేటప్పుడు కాసిన్ని చుక్కలు పడితే భయం లేదు. 10 లీటర్లు 25 నుంచి 65 డిగ్రీలకు వెళ్తే నీళ్లు వ్యాకోచించి 170 మిల్లీలీటర్ల దాకా పెరుగుతాయి, అవి ఎటో పోవాలి. చల్లారాక కూడా కారుతుంటే వాల్వు మార్చాలి. దాన్ని ఎప్పుడూ బిరడా పెట్టి మూయకండి.

గీజర్ కాలుతోంది, కుళాయిలో మాత్రం గోరువెచ్చగా వస్తున్నాయంటే బయటి షవర్ చూడండి. బీచ్‌లో ఇసుక కాళ్లు కడుక్కుని, చేతిలోని షవర్ బటన్ మాత్రం ఆపి, వేడి, చల్లని కుళాయిలు రెండూ తెరిచే వదిలేస్తారు. ఆ రెండింటి మధ్య నీళ్లు కలిసిపోయి బండి మొత్తానికి గోరువెచ్చని నీళ్లే వస్తాయి. రెండూ కట్టేస్తే సరి.

గ్యాస్ గీజర్

గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు ముందు ఒకటి చూసుకోవాలి: అది ఎక్కడ బిగించి ఉంది? బాత్రూమ్ లోపల ఉంటే ఈ రోజే వాడటం మానేయండి. మూసిన బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ వెలిగించుకుని కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు మన దేశంలో ఎందరో. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. బండి లోపలి గది ఇంటి బాత్రూమ్ కన్నా చిన్నది. గీజర్ బండి బయట, మంట పొగ బయటి గాలిలోకే పోయేలా ఉండాలి. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వికారం, మత్తు వస్తే ఆలోచించకుండా తలుపులు తెరిచి బయటికి రండి.

సరిగ్గా బిగించిన గీజర్ టకటకమని అంటుకోకపోతే ముందు దాని రెండు సెల్స్ మార్చండి. సిలిండర్ కొత్తగా మార్చి ఉంటే పైపులో గాలి పోయేదాకా రెండు మూడుసార్లు ప్రయత్నించాలి. అయినా అంటుకోకపోతే నీళ్ల వేగం చాలడం లేదు. లోపలి నీళ్ల వాల్వు ఒక స్థాయి ప్రవాహం ఉంటేనే గ్యాస్ తెరుస్తుంది. కుళాయి పూర్తిగా తిప్పండి, జాలీలు కడగండి. నీళ్లు వేడిగా ఒక క్షణం, చల్లగా ఒక క్షణం వస్తున్నాయంటే పంపు ఆగి ఆగి తిరగడమే కారణం. పంపు పక్కన, ఒత్తిడితో కొన్ని నీళ్లు దాచి ఉంచే చిన్న అక్యుములేటర్ ట్యాంకు వేస్తే ధార నిలబడుతుంది.

గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టకండి. సిలిండర్ వాల్వు కట్టేసి, తలుపులు తెరిచి, అందరినీ దింపి, 1906కి ఫోన్ చేయండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. అందుకే సిలిండర్ పెట్టెకి అడుగున రంధ్రం ఉండాలి, పైన కాదు. లీకు వెతకడానికి సబ్బు నురగే, అగ్గిపుల్ల ఎప్పుడూ కాదు.

ఘాట్ ఎక్కాక

కొన్ని బండ్లలో ఇంజనుని చల్లబరిచే ద్రవం (కూలెంట్) పైపుల్ని గీజర్ గుండా తిప్పి, ఉచితంగా వేడినీళ్లు తెస్తారు. మంచి పద్ధతి. కానీ అరకు ఘాట్ ఎక్కేసరికి కూలెంట్ 80, 90 డిగ్రీల్లో ఉంటుంది, నీళ్లూ దాదాపు అంత కాగుతాయి. చల్లనీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వు లేకపోతే పిల్లల చేతులు కాలతాయి. ఈ ఏర్పాటు ఉన్నా నీళ్లు వేడెక్కకపోతే కూలెంట్ లైన్లో గాలి ఉందేమో చూడాలి. ఇంజను పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి.

బండి లోపల వెచ్చగా ఉంచే డీజిల్ హీటర్ చలిలో వెలగకపోతే ముందు బ్యాటరీ అనుమానించండి. డీజిల్‌ని అంటించే దాని గ్లోప్లగ్ మొదలయ్యేటప్పుడు చాలా కరెంటు లాగుతుంది, వోల్టేజీ చాలకపోతే ఆగిపోతుంది. తెల్లపొగ వస్తుంటే డీజిల్ వెళ్తోంది గానీ అంటుకోవడం లేదు. హీటర్ లేనివాళ్లు డిసెంబరు, జనవరి చలికి దుప్పట్లు ఎక్కువ తెచ్చుకోండి. బొగ్గుల కుంపటి మాత్రం బండిలోకి తీసుకురాకండి. నిప్పు ఆరినట్టు కనబడ్డా అదే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది.

ఇంటికొచ్చాక బండి నెలలతరబడి ఆపేసేట్టయితే ట్యాంకు, గీజర్ రెండూ ఖాళీ చేసి, కుళాయిలన్నీ తెరిచి ఉంచి, జాలీ ఫిల్టర్ కడిగి, గాలి పైపు చివర దోమతెర ఉందో లేదో చూసి, పంపు ఫ్యూజు తీసి పెట్టండి.